చెన్నై మెరీనా ఒడ్డున ఉన్న ఐస్ హౌస్‌లో వివేకానందుడికి ముందూ తర్వాతా ఎవరుండేవాళ్ళు?

సాగర్:

అందరికీ నమస్కారం. ఈమధ్య పనిమీద చెన్నై వెళ్ళి, వీలు చూసుకుని మెరీనా ఎదురుగా ఉన్న వివేకానందర్ ఇల్లం చూసొచ్చాను. స్వామీజీ బస చేసిన గదిలో కాసేపు కూర్చున్నాను కూడా. మనసుకు హాయిగా అనిపించింది.

ఆటో మాట్లాడుకునేటప్పుడు ఆ పేరు చెబితే డ్రైవరు ఒక్క క్షణం ఆలోచించి “ఐస్ హౌసా?” అన్నాడు. అక్కడి పోలీస్ స్టేషన్‌దీ అదే పేరు. అమెరికా నుంచి ఓడల్లో తెచ్చిన మంచుగడ్డలు దాచిన గోదాము అదేనని అక్కడే తెలిసింది. ఊరికి తిరిగి వచ్చాక కూడా ఆ సంగతే బుర్రలో తిరుగుతోంది. నా సందేహాలు ఇవి.

మంచు దాచడానికి ఎండ మాడ్చేసే సముద్రపు ఒడ్డే దొరికిందా? మంచు వ్యాపారం పోయాక ఆ గోదాము స్వామీజీ బస చేసే ఇల్లెలా అయింది? ఇక అన్నిటికన్నా పెద్ద సందేహం. ఆయన వచ్చింది 1897లో, ఇప్పుడున్న ప్రదర్శన మొదలైంది 1999లో. మధ్యలో ఈ వందేళ్ళూ అందులో ఎవరున్నారు? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

ట్రిప్లికేన్ టీచరమ్మ:

సాగర్ గారూ, మీ మూడో ప్రశ్న చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఆ ఇంటి గురించి రాసేవాళ్ళు మంచు దగ్గర మొదలుపెట్టి, స్వామీజీ దగ్గర కాసేపు ఆగి, అక్కణ్ణుంచి తిన్నగా మ్యూజియంలోకి వెళ్ళిపోతారు. మధ్యలో ఉన్నవాళ్ళ గురించి చెప్పడానికి నాకు ఇన్నాళ్ళకు ఒకరు దొరికారు. అయితే వరసగా చెబితేనే అర్థమవుతుంది కాబట్టి మొదటి రెండూ ముగించి వస్తాను.

సముద్రపు ఒడ్డున ఎందుకంటే, ఆరోజుల్లో మద్రాసుకు రేవు కట్టడమే లేదు. ఓడలు దూరంగా లోతు నీళ్ళలో లంగరు వేసి నిలబడేవి. మనుషులైనా సరుకైనా మసూలా పడవల్లోనే ఒడ్డుకు రావాలి. ఆ పడవలకు మేకులుండవు, పలకల్ని కొబ్బరి తాళ్ళతో కుట్టేవాళ్ళు. కెరటం కొట్టినప్పుడు పడవ విరిగిపోకుండా కాస్త వంగి సర్దుకునేది. బోస్టన్ నుంచి వచ్చిన మంచుగడ్డలు కూడా ఆ పడవల్లోనే దిగాయి. దిగిన చోటునుంచి ఊళ్ళోకి మోసేకొద్దీ కరిగిపోతుంది కాబట్టి ఒడ్డుకు ఎంత దగ్గరైతే అంత మేలు. పైగా ఇప్పుడు మీరు చూసిన ఆ విశాలమైన ఇసుక అప్పట్లో లేదు. తర్వాత రేవు కట్టాక దానికి దక్షిణాన ఇసుక మేటవేసి సముద్రం వెనక్కి జరిగింది. ఆ గోదాము నిజంగా నీళ్ళ పక్కనే ఉండేది.

కట్టించింది ఫ్రెడరిక్ ట్యూడర్ కంపెనీ, 1842లో. ట్యూడర్‌ది బోస్టన్. చలికాలంలో చెరువుల మీద గడ్డకట్టిన మంచును కోసి వేడి దేశాలకు అమ్మవచ్చని 1806లో మార్టినీక్ ద్వీపానికి మొదటి ఓడ పంపినవాడు. 1833లో ‘టస్కనీ’ అనే ఓడలో 180 టన్నుల మంచు కలకత్తాకు బయల్దేరితే, నాలుగు నెలల ప్రయాణం తర్వాత దాదాపు 100 టన్నులు మిగిలింది. సూయజ్ కాలువ ఇంకా లేదు. ఆఫ్రికా చుట్టూ తిరిగి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి వచ్చింది ఆ మంచు! దాంతో కలకత్తా, బొంబాయి, మద్రాసు మూడుచోట్లా మంచు గోదాములు లేచాయి. ఇవాళ మిగిలింది మద్రాసుది ఒక్కటే.

తర్వాత ఆవిరి యంత్రాలతో ఇక్కడే మంచు తయారుచేయడం వచ్చింది. మద్రాసులో ఇంటర్నేషనల్ ఐస్ కంపెనీ 1874లో మొదలైంది. ఆఫ్రికా చుట్టి వచ్చే మంచు దానితో ఏం పోటీ పడుతుంది? కొద్ది సంవత్సరాల్లోనే ట్యూడర్ వ్యాపారం మూతపడింది. హైకోర్టు వకీలు బిళిగిరి అయ్యంగారు ఆ ఖాళీ గోదామును కొని ఇల్లుగా మార్చుకున్నారు. మంచుకు గాలీ వెలుతురూ శత్రువులు, మనిషికి అవే కావాలి. అందుకని గుండ్రటి వరండాలు కట్టించి కిటికీలు పెట్టించారు. తనకు గౌరవమున్న జడ్జి కెర్నన్ పేరుమీద ‘కాసిల్ కెర్నన్’ అని పిలుచుకున్నారు. మీరు రోడ్డు మీంచి చూసి ముచ్చటపడే ఆ రూపమంతా అయ్యంగారి చలవే.

వివేకానందులు పాశ్చాత్య దేశాల నుంచి తిరిగివచ్చి, 1897 ఫిబ్రవరి 6న ఎగ్మోరు స్టేషనులో దిగారు. జనం గుర్రాలు విప్పేసి బండిని తామే లాక్కొచ్చారు. 15వ తేదీ దాకా ఇక్కడే ఉన్నారు. మద్రాసు భక్తులు అడిగితే తన గురుభాయి రామకృష్ణానందులను పంపారు. ఆయన మార్చిలో వచ్చి, కొద్దిరోజులకే ఈ ఇంట్లో మఠం పెట్టారు. దక్షిణాదిలో రామకృష్ణ మఠం వేరూనింది అక్కడే. 1902లో అయ్యంగారు పోయారు. 1906లో ఇల్లు వేలానికి వచ్చింది. రామకృష్ణానందులు ఆవరణలోనే ఉన్న చిన్న వసతిలో సర్దుకుని, 1907లో మైలాపూరులో కట్టిన సొంత భవనానికి మారారు.

ఇక్కడిదాకా అందరూ చెబుతారు. ఇప్పుడు మీ మూడో ప్రశ్న.

ఆ ఇంట్లోకి తర్వాత వచ్చినవాళ్ళు బాలవితంతువులు. పదేళ్ళకూ పన్నెండేళ్ళకూ పెళ్ళై, మొగుడి ముఖమైనా సరిగా గుర్తులేకుండానే విధవలైన ఆడపిల్లలు. వాళ్ళను తీసుకొచ్చినావిడ ఆర్.ఎస్. సుబ్బలక్ష్మి. అందరూ సిస్టర్ సుబ్బలక్ష్మి అంటారు. 1886లో పుట్టారు, ఆవిడా బాలవితంతువే. కన్నవాళ్ళు ఆవిడను మూల కూర్చోబెట్టకుండా చదివించారు. 1911లో ప్రెసిడెన్సీ కాలేజీ నుంచి ఆనర్స్‌తో పట్టా పుచ్చుకున్నారు. ఆ కాలేజీ ఉన్నది కూడా ఇదే సముద్రతీరంలో. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ ఘనత సాధించిన మొదటి హిందూ స్త్రీ ఆవిడే. పట్టా చేతికొచ్చాక తనలాంటి పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చదువు చెప్పడం మొదలుపెట్టారు. తోడుగా ఉన్నది పినతల్లి విశాలాక్షి, ఆవిడా భర్త పోయినావిడే. పిల్లలు పెరిగేకొద్దీ ఇల్లు చాలలేదు, 1910ల మధ్యలో ఐస్ హౌస్‌కు మారారు.

ప్రభుత్వం దీనికి చేయూతనిచ్చిందంటే జాలితో మాత్రమే కాదు, దాని అవసరం దానికుంది. ఆడపిల్లల బళ్ళకు పంతులమ్మలు దొరికేవాళ్ళు కాదు. కాస్త ఎదిగిన పిల్లను మగ పంతులు దగ్గరికి పంపడానికి పెద్దలు ఒప్పుకోరు. ఆడవాళ్ళు చదివి పంతులమ్మలు కావాలంటే ఆ వయసుకే పెళ్ళి, కాన్పులు. ఆ చక్రంలోంచి లోకం బయటికి నెట్టేసింది వితంతువుల్ని. బళ్ళ ఇన్‌స్పెక్ట్రెస్‌గా ఉన్న మిస్ లించ్ దాన్ని గ్రహించింది, సుబ్బలక్ష్మిగారికి కొండంత అండగా నిలిచింది. ఎదురొస్తే అపశకునమని తిట్టించుకున్న పిల్లలు ఆ ఇంట్లో చదువుకుని టీచర్లై, ఊరూరా బళ్ళలో పాఠాలు చెప్పారు. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ గొంతు పూడుకుపోతుంది. ఎందుకంటే నాకు అక్షరాలు నేర్పిన తరానికి అక్షరాలు నేర్పినవాళ్ళు వాళ్ళే.

1922లో ఆ పక్కనే లేడీ విల్లింగ్‌డన్ ట్రైనింగ్ కాలేజీ వచ్చింది. మొదటి ప్రిన్సిపాలు సుబ్బలక్ష్మిగారే. ఐస్ హౌస్ ప్రభుత్వ ఆస్తి అయింది, తర్వాత చాలాకాలం టీచర్ ట్రైనింగుకు వచ్చే ఆడపిల్లల హాస్టలుగా ఉంది. 1963లో స్వామీజీ శతజయంతికి ‘వివేకానందర్ ఇల్లం’ అని పేరు పెట్టారు. 1997లో రామకృష్ణ మఠానికి లీజుకిచ్చారు, 1999లో ప్రదర్శన మొదలైంది. ఇదీ మీరడిగిన వందేళ్ళు.

శీతలయంత్రం:

టీచరమ్మ గారికి నమస్కారాలు. నేను ఏసీ, ఫ్రిజ్‌ల రంగంలో పనిచేస్తాను. మంచు నాలుగు నెలలు ఎలా నిలిచిందన్నది నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి నాలుగు ముక్కలు కలుపుతాను.

కిలో మంచు పూర్తిగా కరగాలంటే దాదాపు 334 కిలోజౌళ్ళ వేడి పీల్చుకోవాలి. అదే వేడితో కిలో చన్నీళ్ళను 0 డిగ్రీల నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. అంటే మంచు అంత తొందరగా లొంగదు, వేడిని దాని దగ్గరికి రానివ్వకుండా ఆపగలిగితే చాలు. చిన్నముక్కకు పైతలం ఎక్కువ, బరువు తక్కువ, ఇట్టే కరుగుతుంది. పెద్ద దిమ్మల్ని సందులు లేకుండా పక్కపక్కన పేర్చితే మొత్తం ఒకే దిమ్మలా ప్రవర్తిస్తుంది, వేడి తగిలేది అంచులకే. దిమ్మలన్నీ ఒకే కొలతలో ఉంటేనే అలా పేర్చడం కుదురుతుంది. ట్యూడర్ దగ్గర పనిచేసిన నథానియల్ వైయెత్ గుర్రాలతో లాగించే మంచు నాగలి తయారుచేసి ఆ చిక్కు తీర్చాడు. చెరువు మీద గళ్ళు గీసినట్టు కోసుకుంటూ పోవడమే.

ఇక దిమ్మల చుట్టూ నింపే రంపపు పొట్టు. మధ్యమధ్య గాలి చిక్కుకుని ఉంటుంది కాబట్టి వేడిని బాగా ఆపుతుంది. రంపపు మిల్లులకు అది పారబోసే చెత్త, వీళ్ళకు అదే బంగారం. గోదాముల్లోనూ ఇదే సూత్రం: మందపాటి గోడలు, తక్కువ ద్వారాలు, కరిగిన నీరు నిలవకుండా పోయే దారి. నీరు నిలిస్తే అడుగున ఉన్న మంచును అదే తినేస్తుంది. ఇప్పుడు మేం కోల్డ్ స్టోరేజీ కట్టేటప్పుడు కూడా ముందు ఆలోచించేది ఇన్సులేషనూ డ్రైనేజీనే.

రమణ:

టీచరమ్మ గారూ, చాలా తెలుసుకున్నాను. కానీ ఒక మాట అడగకుండా ఉండలేను, తప్పుగా అనుకోవద్దు. నేను చదివినంతలో అది బ్రాహ్మణ వితంతువుల శరణాలయం. మిగతా కులాల్లోని ఆడపిల్లల సంగతేమిటి? అలాంటిదాన్ని అంత ఎత్తున నిలబెట్టవచ్చా? మన వీరేశలింగం పంతులుగారు 1881లోనే రాజమండ్రిలో వితంతు వివాహం చేయించి చూపించారు కదా. చదువు చెప్పి ఊరుకోవడం కంటే అది పెద్ద అడుగు కాదా?

ట్రిప్లికేన్ టీచరమ్మ:

రమణగారూ, తప్పేముంది, అడగాల్సిన ప్రశ్నే అడిగారు.

అవును, అక్కడ చేర్చుకున్నది బ్రాహ్మణ పిల్లల్నే. అందరూ కలిసి తినే పంక్తి అంటే ఆ తల్లిదండ్రులు పిల్లల్ని గడప దాటనివ్వరని, ఉన్న ఆంక్షలకు లోబడే మొదలుపెట్టారు. నాకది నచ్చదు. ప్రభుత్వ సొమ్ముతో నడిచే చోట కులం గోడ ఉండటం అన్యాయమే, అప్పుడైనా ఇప్పుడైనా. సుబ్బలక్ష్మిగారు 1920ల్లో శారదా విద్యాలయం మొదలుపెట్టి బయట మరికొంత దారి తెరిచారు. అంతమాత్రాన ముందుది సరైపోయిందని నేననను.

పంతులుగారి సంగతి వేరే. ఆయన ధైర్యానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ పెళ్ళి చేయించాలంటే ఎదురుగా ఒక వరుడు నిలబడాలి, వెలికి సిద్ధపడాలి. అలాంటివాళ్ళు ఎంతమంది దొరికారు? ఆ పిల్లలు వేలల్లో ఉన్నారు. ఇక్కడ సుబ్బలక్ష్మిగారు పట్టుకున్నది జీతం తెచ్చే దారి. సొంత సంపాదన ఉన్న వితంతువును వంటింటి మూలలోకి మళ్ళీ నెట్టడం అన్నదమ్ములకు అంత సులువు కాదు. పంతులుగారి దారి, ఈవిడ దారి రెండూ కావాల్సినవే. ఒకదాన్ని ఎత్తడానికి రెండోదాన్ని దించక్కర్లేదు.

నేను పట్టుబట్టేది ఒక్క విషయానికే. ఆ భవనం చరిత్రలో స్వామీజీ ఉన్నది తొమ్మిది రోజులు. ఆ పిల్లలు ఉన్నది ఏళ్ళ తరబడి. తొమ్మిది రోజులకు దక్కిన గౌరవం న్యాయమైనదే, అందులో నాకు రెండో మాట లేదు. ఆ ఏళ్ళకు కూడా కొంత చోటు దక్కాలి. మంచు వ్యాపారి గోడలు మిగిల్చాడు, అయ్యంగారు వరండాలు మిగిల్చారు, స్వామీజీ పేరు మిగిల్చారు. ఈ పిల్లలు కట్టడంలో ఏ గుర్తూ మిగల్చలేదు, అందుకే వాళ్ళ గురించి నోటితో చెప్పేవాళ్ళు ఉండాలి.

పాతపటం:

ఈ చర్చ చదువుతుంటే ఇదే రోడ్డులో ఉన్న మరో రెండు కట్టడాలు గుర్తొచ్చాయి, రాయకుండా ఉండలేకపోతున్నాను.

చేపాక్ ప్యాలెస్ ఉంది కదా. 1768లో ఆర్కాటు నవాబు కోసం కట్టింది. 1855లో చివరి నవాబు వారసులు లేకుండా పోతే ఈస్టిండియా కంపెనీ సంస్థానాన్ని కలిపేసుకుంది, కోట కాస్తా సర్కారు ఆఫీసులైంది. దర్బారు జరిగినచోట ఫైళ్ళు పేరుకున్నాయి. 2012 జనవరిలో అందులోని కలస్ మహల్ తగలబడి కప్పు కూలింది. తర్వాత సున్నంతోనే, పాత పద్ధతిలో మళ్ళీ నిలబెట్టారు. ఇప్పుడు అందులో పర్యావరణ కేసులు విచారించే గ్రీన్ ట్రిబ్యునల్ దక్షిణ బెంచి నడుస్తోంది.

రెండోది కేపర్ హౌస్. అదొక దొర బంగళా, తర్వాత హోటలు. 1914లో ఆ హోటలు భవనంలోనే ఆడపిల్లల కాలేజీ మొదలైంది, మన క్వీన్ మేరీస్ కాలేజీ. అంటే దాదాపు ఒకే కాలంలో, ఒకే ఒడ్డున, ఒక పాత హోటల్లో కాలేజీ అమ్మాయిలూ ఒక పాత మంచు గోదాములో వితంతు బాలికలూ చదువుకుంటున్నారన్నమాట. 2003లో ఆ కాలేజీ స్థలంలో సచివాలయం కట్టాలనుకుంటే విద్యార్థినులు గేట్ల దగ్గర బైఠాయించి ఆపించారు. కాలేజీ నిలిచింది కానీ కేపర్ హౌస్ మాత్రం మిగల్లేదు. శిథిలమైందని తర్వాత పడగొట్టేశారు.

నా ఉద్దేశం ఏమిటంటే, ఉప్పుగాలి తగిలే చోట ఖాళీగా ఉన్న భవనం ఎక్కువకాలం బతకదు. లోపల మనుషులుంటే కారే చోట ఎవరో ఒకరు గమనిస్తారు, ఏటా సున్నం పడుతుంది. ఐస్ హౌస్‌ను కాపాడింది దాని గొప్పతనం కాదనిపిస్తుంది. ప్రతి తరంలోనూ ఎవరికో ఒకరికి ఉండటానికి చోటు కావాల్సి వచ్చింది, అంతే.

శీతలయంత్రం:

పాతపటం గారూ, ఉప్పుగాలి మాట నిజం. ఉప్పు తేమను పీల్చుకుని ఇటుకలోకి దిగుతుంది, ఎండినప్పుడు స్ఫటికాలై ఇటుకను లోపల్నుంచి పొడి చేస్తుంది. సున్నపు గచ్చు గోడను ఊపిరాడనిస్తుంది, తేమ బయటికి పోతుంది. పాత గోడ మీద సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే ఉండిపోతుంది. కలస్ మహల్‌లో సున్నమే వాడారంటే మంచిపని చేశారు.

సాగర్:

ఒక్క ప్రశ్న అడిగితే ఇంత చెప్పారు, అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. టీచరమ్మ గారూ, మీరు చెప్పింది మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె కూడా టీచరే. తనదొక ప్రశ్న: ఆ పిల్లల తర్వాతి కథ ఏమైంది, సుబ్బలక్ష్మిగారు చివరిదాకా అక్కడే ఉన్నారా, ఇప్పుడు వెళితే ఆవిడ జాడ ఏమైనా కనిపిస్తుందా?

ట్రిప్లికేన్ టీచరమ్మ:

మీ ఆవిడకు నా ఆశీస్సులు చెప్పండి బాబూ.

సుబ్బలక్ష్మిగారు ఉద్యోగ విరమణ తర్వాత కూడా ఊరుకోలేదు. పెద్దవయసు ఆడవాళ్ళ చదువు మీద పనిచేశారు. 1952 నుంచి 1956 దాకా శాసనమండలిలో ఉన్నారు. 1958లో పద్మశ్రీ వచ్చింది. 1969లో పోయారు. బాల్యవివాహాలను అడ్డుకుంటూ 1929లో చట్టం వచ్చింది, అది ఒక్కరోజులో మార్చిందేమీ లేదు గానీ ఆడపిల్లల పెళ్ళి వయసు మెల్లగా పెరిగింది. పన్నెండేళ్ళ వితంతువులు తగ్గేకొద్దీ, అలాంటి శరణాలయం అవసరమూ తగ్గింది. ఒక సంస్థకు అవసరం లేకుండా పోవడం కంటే మంచి ముగింపు ఏముంటుంది చెప్పండి.

జాడ కావాలంటే ఐస్ హౌస్ లోపల వెతకక్కర్లేదు. బయటికి వచ్చి ఆ పక్క ఆవరణ చూడమనండి. లేడీ విల్లింగ్‌డన్ కాలేజీ అదే, ఇప్పుడూ టీచర్లను తయారుచేస్తూనే ఉంది. నేను ట్రైనింగ్ అయిందీ అక్కడే. మీ ఆవిడ టీచరన్నారు కాబట్టి చెబుతున్నా: సెలవురోజు కాకుండా, సాయంత్రం క్లాసులు వదిలే వేళకు రండి. నేను ఇక్కడికి దగ్గర్లోనే ఉంటాను, పార్థసారథి గుడి వెనకవీధి. ముందుగా ఇక్కడే ఒక మాట రాస్తే వచ్చి రెండూ చూపిస్తాను.